రొట్టె తప్పుగా చేస్తే లేచి వస్తారు

“స్క్రిప్టు పంపండి మేడం.”

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట ఇది. ఫ్యాక్టరీల హెచ్‌ఆర్ వాళ్లు అడిగారు, పంచాయతీ వాళ్లు అడిగారు, మా సంస్థకు నిధులిచ్చేవాళ్లు అడిగారు, ఒకసారి షామియానా వేసే అతను కూడా అడిగాడు. స్క్రిప్టు ఉండదండీ, ఆడవాళ్లు అక్కడికక్కడ మాట్లాడుకుంటూ ఆడే నాటకం ఇది, ముందే రాసుకుంటే ఇక ఆడటం దేనికి అని నేను ఓపిగ్గా చెప్పేదాన్ని. వాళ్లు శ్రద్ధగా తలూపి, “సరే మేడం, అయితే సాయంత్రానికల్లా పంపండి” అనేవారు.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. నా పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఇద్దరు మొన్న ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాసిపెడితే మాకు దారి తెలుస్తుంది అన్నారు. అంటే వీళ్లకూ స్క్రిప్టే కావాలి. ఒళ్లు మండింది. శిక్షణ తరగతుల్లో వీళ్లకు ఏం చెబుతున్నారో అడిగి తెలుసుకున్నాక ఇంకా మండింది. అందుకే రాస్తున్నాను.

పని ఇది. పటాన్‌చెరు, ఇస్నాపూర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు, వాళ్ల అత్తలు, తల్లులు, కిరాయి గదుల్లో ఉండే ఒడిశా, బిహార్ అమ్మాయిలు ఆదివారం మధ్యాహ్నం ఒకచోట చేరతారు. ఒకరు తనకు జరిగిన సంగతి చెబుతారు. మిగతావాళ్లు దాన్ని అప్పటికప్పుడు ఆడతారు. చూస్తున్నవాళ్లలో ఎవరికైనా ఇది ఇలా కాదనిపిస్తే లేచి వచ్చి, ఆ పాత్రలో నిలబడి, తన పద్ధతిలో నడిపించవచ్చు. వినడానికి చాలా తేలిక. ఆ లేచి రావడం అనేది జరిగేలా చూడటానికే నా ఉద్యోగం సగం ఖర్చయిపోయింది.

పద్ధతులు మాత్రమే చెబితే మీకు నిద్ర వస్తుంది. అందుకని చిట్కుల్ అనే ఊళ్లో ఉండే కవిత సంగతి చెబుతాను. కవిత మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద పనిచేసేది. ఆ డ్యూటీ మానిపించాలని ఆమె అత్త నర్సమ్మ పట్టుబట్టి కూర్చుంది. మానిందా లేదా అన్న దగ్గరికి రావడానికి ముందు, నన్ను విసిగించినవాళ్ల సంగతి కొంత చెప్పక తప్పదు.

రేడియో మేడం

మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చారు. నేను పుట్టి పెరిగింది టౌన్‌షిప్ క్వార్టర్స్‌లోనే. అక్కడి క్లబ్బు నాటకాల్లో వేషాలు వేసిన ధైర్యంతో ఈ పనిలోకి వచ్చాను. టౌన్‌షిప్ గేటు దాటితే ఊళ్లో మాట్లాడే తెలుగు వేరని తెలుసు గానీ, అది నాకు అడ్డం పడుతుందని అనుకోలేదు.

మొదటి రోజు ఆడవాళ్లందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, “మీ జీవితంలో మిమ్మల్ని బాధపెట్టిన ఒక సంఘటనను మాతో పంచుకోండి” అన్నాను. అందరూ నా మొహం వంక చూశారు. ఒకావిడ పక్కనున్నామెతో, “రేడియోల వార్తలు సదివినట్టే ఉన్నది గదనే” అంది. అప్పటి నుంచి ఏడాది దాకా నేను రేడియో మేడాన్నే.

దీన్ని సరిచేద్దామని వాళ్లలాగా మాట్లాడటం మొదలుపెట్టాను. ‘ఏంది’ అన్నాను, ‘గట్లనా’ అన్నాను. రెండు వారాలు భరించి, కవితే మొహమాటం లేకుండా చెప్పేసింది.

“మేడం, మీరు మీ లెక్కనే మాట్లాడుండ్రి. మా లెక్క మాట్లాడితే ఎక్కిరిచ్చినట్టున్నది.”

కొత్తవాళ్లకు చెబుతున్నాను. పాతచీర కట్టుకుని పోవడం, వాళ్ల యాసను అరువు తెచ్చుకోవడం, టీ గ్లాసులో తాగుతూ ఫొటో దిగడం, ఇవేవీ వాళ్లను మీ దగ్గరకు తేవు. మీరు మీలాగే ఉంటే రెండు రోజులు నవ్వి ఊరుకుంటారు. తర్వాత పని మొదలవుతుంది.

కళ్లు మూసుకోండి

మా సంస్థకు నాటకాల పెద్దగా ఒక సార్ ఉండేవారు. పెద్ద చదువులు చదివి, ఢిల్లీలో శిక్షణ పొంది వచ్చిన మనిషి. మనసు మంచిదే. కానీ ఆడవాళ్ల జీవితం గురించి ఆయనకు అంతా ముందే తెలుసు. అది తెలిసిన మనిషితో పనిచేయడం ఎంత నరకమో చెప్పలేను.

ఒక ఆదివారం ఆయనే స్వయంగా తరగతి తీసుకున్నారు. రాత్రి షిఫ్టు దిగి సరిగ్గా నిద్రపోకుండా వచ్చిన ఆడవాళ్లను చాపల మీద పడుకోమన్నారు. కళ్లు మూసుకోండి, మీ శరీరం ఒక నది అనుకోండి, ఆ నది ఎక్కడ ఆగిపోతోందో గమనించండి అన్నారు. కాసేపటికి ఏ నదీ కదలడం లేదు. అందరూ గాఢంగా నిద్రపోతున్నారు. ఒకరిద్దరు గురక కూడా పెడుతున్నారు.

సార్‌కు కోపం వచ్చింది. “లేపండి. దీన్ని సీరియస్‌గా తీసుకోవడం లేదు వీళ్లు” అన్నారు.

నేను లేపలేదు. మీకు కావాలంటే మీరు లేపుకోండి అన్నాను. ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి కారెక్కి వెళ్లిపోయారు. వాళ్లు లేచాక ఎంత ప్రశాంతంగా ఉన్నారంటే, కవిత జడ వేసుకుంటూ, “ఈ నాటకం మంచిగున్నది మేడం, వచ్చే వారం గూడ ఇదే పెట్టుండ్రి” అంది. దాని గురించి నాకు ఒక సంజాయిషీ నోటీసు వచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే నవ్వూ, కోపమూ రెండూ వస్తాయి.

మంచి సూపర్‌వైజర్

మహిళా దినోత్సవం వస్తే చాలు, ఫ్యాక్టరీల వాళ్లకు మేం గుర్తొచ్చేవాళ్లం. ఉపన్యాసాలకూ, గిఫ్టు ప్యాకెట్లు పంచడానికీ మధ్య పది నిమిషాలు ఖాళీ ఉంటుంది, అందులో నాటకం ఒకటి వేయాలి. ఒక మందుల కంపెనీ హెచ్‌ఆర్ మేనేజర్ ఉండేవాడు. ఎప్పుడు చూసినా చిరునవ్వే. ఆ చిరునవ్వు చూస్తే నాకు రక్తపోటు పెరిగేది.

ఆడవాళ్లు ఆడాలనుకున్నది చాలా చిన్న సంగతి. లైన్ మీద ఉండగా బాత్రూముకు వెళ్లాలంటే సూపర్‌వైజర్‌ను అడగాలి. అతను వెంటనే పొమ్మనడు, వద్దనడు, వాచీ చూస్తాడు. ఆ వాచీ చూడటాన్ని కవిత ఎంత బాగా చేసేదంటే, జేబులో చేయి పెట్టుకుని, మెడ వంచి, నిదానంగా ముంజేతి వైపు చూస్తుంటే రిహార్సల్లో ఆడవాళ్లు నవ్వలేక చచ్చేవాళ్లు.

మేనేజర్ అది చూసి, “సూపర్ మేడం. కాకపోతే సూపర్‌వైజర్‌ను కొంచెం మంచివాడిగా చూపిద్దాం” అన్నాడు. మంచివాడైతే కథే లేదు కదండీ అన్నాను. “పోనీ మన కంపెనీ కాకుండా బిస్కెట్ల కంపెనీ అని పెడదాం” అన్నాడు. ఆ మరుసటి నెల ఒక బిస్కెట్ల కంపెనీలో ఇదే నాటకం వేయబోతే, అక్కడి మేనేజర్ దీన్ని మందుల కంపెనీగా మార్చమన్నాడు.

అన్నిటికంటే విసుగు పుట్టించేది చివర మైకు పట్టుకుని సందేశం చెప్పడం. నాటకం ముగిసీ ముగియకముందే ఎవరో ఒకరు లేచి, “కాబట్టి దీని ద్వారా మనం తెలుసుకోవలసింది ఏమిటంటే” అని మొదలుపెడతారు. ఈ మనిషిది ఆ అలవాటే. గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఎవరూ చావరు

ఆడవాళ్లూ నన్ను తక్కువ విసిగించలేదు. వాళ్లంతా దేవతలని రాసే నివేదికలు చదివి మోసపోకండి.

మా నాటకాల్లో ఎవరూ చావరు. భర్త పోయినామె కథ ఆడాలంటే ఆ పాత్రకు ఎవరూ ముందుకు రారు. ఆటకైనా సరే బొట్టు తుడుచుకోమంటే లేచి బయటికి పోతారు. అది ఉత్త నాటకమే కదమ్మా అంటే, “నోట్లకెల్లి ఎల్లిన మాట ఊకె పోతదా మేడం” అంటారు. నేను వాదించాను, బతిమాలాను, ఒకసారి కేకలు కూడా వేశాను. ఫలితం లేదు.

చివరికి వాళ్లే ఒక ఉపాయం కనిపెట్టారు. మొగుడు చచ్చిపోవాల్సిన చోట “దుబాయికి పోయిండు” అనేవాళ్లు. ఆ మాట అనగానే చూసేవాళ్లందరికీ అర్థమైపోయేది, కొంగులు కళ్లకు పోయేవి. వెలిమెల అనే ఊళ్లో అలాంటి నాటకం చూసి, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గల్ఫ్ వలసల సమస్యను చాలా బాగా చూపించారని మెచ్చుకున్నాడు. వివరించే ఓపిక లేక నమస్కారం పెట్టాను.

జొన్న రొట్టె

ఇక అసలు తలనొప్పి. చూసేవాళ్లు లేచి రావాలి అన్నాను కదా. మా దగ్గర ఎవరూ లేవరు. కూర్చున్న చోటి నుంచి సలహాలు మాత్రం ధారాళంగా ఇస్తారు. అట్ల కాదక్కా, ఇట్ల అను. ఆ మాటకు ఊకుంటవేందే. సరే, నువ్వొచ్చి అనమ్మా అంటే వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని పక్కనున్నామె వెనక దాక్కుంటారు. పేరు పెట్టి పిలిస్తే ఇంటి దగ్గర పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానని వెళ్లిపోతారు. పుస్తకాల్లో రాసిన చప్పట్లు, ఆటలు, బంతి విసురుకోవడాలు అన్నీ అయ్యాయి. బంతి విసరడం బాగానే ఉంది, తర్వాత మళ్లీ కూర్చున్నారు.

దారి దొరికింది వెలిమెలలోనే, అదీ ఒక పొరపాటు వల్ల. మా గుంపులో సబిత అని ఒడిశా అమ్మాయి ఉండేది. కార్టన్ల ఫ్యాక్టరీలో పని. ఆ రోజు కోడలి పాత్ర ఆమెకు పడింది. సంధ్యవేళ రొట్టెలు చేస్తూ మొగుడితో మాట్లాడే సన్నివేశం. నిజం పిండే తెచ్చాం. సబితకు జొన్న రొట్టె సంగతి తెలియదు. జొన్నపిండిలో చల్లనీళ్లు పోసి, ముద్ద చేసి, చపాతీ కర్ర తీసి ఒత్తడం మొదలుపెట్టింది. అది అంచుల నుంచి పగుళ్లు విచ్చి పీటకు అంటుకుపోతోంది.

ముందు వరుసలో ఒక ముసలామె ఉంది. ముందు గొణిగింది. తర్వాత కాళ్లు ముడుచుకుంది. ఆ పిల్ల పీట మీద పిండిని గోటితో గీకడం మొదలుపెట్టేసరికి ఇక భరించలేకపోయింది.

“ఓ పిల్లా, జొన్నపిండిని కర్రతోటి ఒత్తుతరా ఎవలన్న? లే, ఇటియ్యి.”

వచ్చి కూర్చుంది, పిండి లాక్కుంది, అరచేత్తో చరచడం మొదలుపెట్టింది. మొగుడి పాత్రలో ఉన్నామె అదాటున, “ఇంకెప్పుడు పెడ్తవ్ తిండి?” అంది. ముసలామె తల కూడా ఎత్తకుండా, “నీకు రెండు చేతులున్నయి గద, వచ్చి నీళ్లన్న పొయ్యి” అంది. హాలంతా గొల్లున నవ్వింది. అలా చాలాసేపు నడిచింది. తను నాటకంలో ఉన్నానని ఆమెకు తెలిసేసరికి రొట్టెలు కూడా అయిపోయాయి.

నేను ఇంటికి వెళ్లాక కూడా అదే ఆలోచన. ఎవరి బాధ గురించి అడిగినా లేవని మనిషి రొట్టె పాడవుతుంటే లేచింది. అక్కడి నుంచి నా పద్ధతి మార్చేశాను. ప్రతి నాటకంలో చూసేవాళ్లు రోజూ చేసే పని ఒకటి పెట్టి, దాన్ని తప్పుగా చేయించేదాన్ని. అత్తల ముందు రొట్టె, ప్యాకింగ్ వాళ్ల ముందు అట్టపెట్టెకు టేపు, కొల్లూరు కాలనీలో నల్లా దగ్గర బిందెల వరుస. ఎవరో ఒకరు ఆగలేక వచ్చి చేతిలోది లాక్కునేవారు. చేతిలో పని ఉంటే ఆమెకు సిగ్గు ఉండదు, మాట దానంతట అదే వస్తుంది. సబిత ఈ విద్యలో ఆరితేరింది. వస్తూనే, “ఆజ్ క్యా గలత్ కర్నా హై మేడం?” అని, ఇవాళ ఏం తప్పు చేయాలో అడిగేది.

ఒక జాగ్రత్త. తప్పు నమ్మేలా ఉండాలి. మొన్న ఒక కొత్తమ్మాయి పిండి గిన్నె మొత్తం నేల మీద పోసి నోరు తెరుచుకుని నిలబడిందట. ఆడవాళ్లు చూసి నవ్వుకున్నారట. వాళ్లు వెర్రివాళ్లు కారు, అది మీ శిక్షకులకు ఎవరైనా చెప్పాలి.

చిట్కుల్‌లో ఆ ఆదివారం

కవిత అత్తవారిది చిట్కుల్‌లో పొలం ఉన్న కుటుంబమే. అందులో చాలా భాగం ఫ్యాక్టరీల కింద పోయింది, కొంచెం మిగిలింది, రెండు బర్రెలున్నాయి. కొడుకు కూడా ఫ్యాక్టరీలోనే ఆపరేటర్. కోడలు డ్యూటీకి పోవడం మాత్రం నర్సమ్మకు గిట్టలేదు. షిఫ్టులు మారినప్పటి నుంచి అది ముదిరింది. ఇద్దరి మధ్యా నేరుగా మాటల్లేవు. నర్సమ్మ తను అనదలచుకున్నదంతా బర్రెకు చెప్పేది. “సూసినవే, ఇంటి కోడలు పొద్దుమీకి, చీకటి పడ్డంక వస్తున్నది” అని బర్రెతో అంటే, పాక పక్కన బట్టలు ఉతుకుతున్న కవితకు వినపడేది. భర్తను అడిగితే, అమ్మను అడుగు అన్నాడు. చివరికి ఒకరోజు నర్సమ్మ, ఈ నెల అయిపోతే డ్యూటీ బంద్ అని బర్రెకు తేల్చి చెప్పేసింది.

కవిత ఆ సంగతి చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేను వచ్చి మాట్లాడనా అంటే వద్దంది.

“మీరొస్తె ఇంకింత పరేషాన్ అయితది. నాటకంల ఒక్కసారి అత్తను నేనయి ఆ మాటలన్ని అంట మేడం. నా పానం సల్లవడ్తది. ఇగ మానేస్త.”

మా దగ్గర ఒక నియమం ఉంది. కథ ఎవరిదైతే వాళ్లు తమ పాత్ర తాము వేయకూడదు, తమకు ఎవరి మీద కోపమో వాళ్ల పాత్ర వేయాలి. కాబట్టి అత్తగా కవిత, కోడలిగా సబిత. మహిళా సంఘం భవనంలో ఆట. స్పీకర్లు ఇచ్చిన పుణ్యానికి మందుల కంపెనీ హెచ్‌ఆర్ మేనేజర్ కూడా చిరునవ్వుతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

మొదలుపెట్టే ముందు చూస్తే, ముందు వరుసలో చేతులు కట్టుకుని నర్సమ్మ కూర్చుని ఉంది. ఆ నాటకాల్లో అత్తలను వెక్కిరిస్తున్నారని ఎవరో చెప్పారట, చూద్దామని వచ్చింది. కవితను పక్కకు పిలిచి కథ మార్చేద్దాం అన్నాను.

“ఎట్లయిన మానుడే గద మేడం. ఉండనియ్యుండ్రి,” అంది.

ఆట మొదలైంది. సబిత కూర్చుని జొన్నపిండిలో చల్లనీళ్లు పోసింది. కవిత కొంగు నడుముకు దోపుకుని, వంగిన నడకతో వచ్చి, ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. “సూసినవే బర్రే, మా ఇంటి రాణిగారు ఇప్పుడొచ్చిండ్రు” అంది. గొంతు అచ్చం నర్సమ్మదే. ఊరివాళ్లందరికీ అది ఎవరో తెలుసు కాబట్టి నవ్వి, వెంటనే నర్సమ్మను చూసి నవ్వు మింగేశారు.

నర్సమ్మ కదల్లేదు. ఆమె చూపు కవిత మీద లేదు. సబిత చేతిలో చపాతీ కర్ర మీద ఉంది. సబిత ఒత్తుతోంది, పిండి పగులుతోంది, ఆ పిల్ల మళ్లీ ముద్ద చేసి మళ్లీ ఒత్తుతోంది. నర్సమ్మ దవడ బిగుసుకుంటోంది.

“ఉడుకునీళ్లు లేవా ఈ ఇంట్ల?” అంటూ లేచింది.

నేను ఆపాలనుకున్నాను. నిజంగా భయం వేసింది. కానీ అప్పటికే నర్సమ్మ సబితను భుజం పట్టుకుని లేపి కూర్చుంది. పక్కనున్న టీ కొట్టు నుంచి ఎవరో వేడినీళ్లు తెచ్చారు. పిండి కలిపి చరచడం మొదలుపెట్టింది. ఇప్పుడు కోడలి స్థానంలో అత్త ఉంది, అత్త స్థానంలో కోడలు నిలబడి ఉంది. కవిత నావైపు చూసింది. నేనేం సైగ చేశానో నాకే తెలియదు. కవిత కుర్చీ వైపు తిరిగి, “చెప్పవే బర్రే ఆమెకు, డ్యూటీ డ్యూటీ అని ఇల్లు ఆగమైందని” అంది.

నర్సమ్మ రొట్టె తిప్పుతూ, “బర్రెకేం చెప్తవ్? ఈడున్న గద, నాకు చెప్పు,” అంది.

ఎవరూ నవ్వలేదు. కవిత మొదటిసారి ఆమె మొహంలోకి చూసి మాట్లాడింది.

“ఎల్లుండి సంది డ్యూటీకి పోవద్దు.”

“పోత.”

“ఎందుకు పోతవ్? ఈడ నీకేం తక్కువైంది?”

నర్సమ్మ చేయి ఆగింది. ఎదురుగా ఉన్నది కోడలన్న సంగతి ఆమె మరిచిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది.

“తక్కువేం లేదత్తా,” అంది. “ఆడ నలుగుర్ల కూసొని తింట. ఈడ మీరందరు తిన్నంక పొయ్యికాడ ఒక్కదాన్నే తింట. కలుపుకు పొయ్యిన్నాడు గట్టు మీద అందరం సద్దులిప్పుకొని, నాది నీకు నీది నాకు అని తింటుంటిమి. భూమి పాయె, గా ముచ్చట గూడ పాయె. ఇంట్లనే ఉండు అంటవ్. ఉండి ఎవలతోటి తినాలె?”

నేను ఏడ్చాను. ఇన్నేళ్లలో నాటకం నడుస్తుండగా ఏడవడం అదొక్కసారే. ఆడవాళ్ల ఉద్యోగం గురించి మేం రాసిన నివేదికలన్నిటిలో స్వావలంబన ఉంది, సాధికారత ఉంది, పక్కన కూర్చుని తినే మనిషి ఎక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే మేనేజర్ మైకు అందుకున్నాడు. “కాబట్టి దీని ద్వారా మనం తెలుసుకోవలసింది ఏమిటంటే, అత్తలందరూ కోడళ్లను—”

“జెర ఆగు బిడ్డా,” అంది నర్సమ్మ. “రొట్టె ఇంక కాలలేదు.”

అతను కూర్చున్నాడు. నా ఉద్యోగంలో ఆ మైకును ఒకరు ఆపడం అదే మొదటిసారి చూశాను, ఆ ఆనందం ఇప్పటికీ ఉంది.

తర్వాత

కవిత మర్నాడు ఫోన్ చేసింది. అత్త డ్యూటీకి పొమ్మందట. బర్రెతో కాదు, తనతోనే చెప్పిందట. నేను సంతోషంతో ఏదో అనబోతుంటే అడ్డుపడింది.

“కని ఒకటున్నది మేడం. ‘డ్యూటీకి నువ్వు పో, నాటకానికి నేను పోత’ అన్నది. ఇద్దరం పోతె ఇల్లెట్ల అని.”

అంతే. నా దగ్గరున్న అందరిలోకీ మంచి నటి పోయి, నర్సమ్మ వచ్చింది. ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. అత్త పాత్ర వేయమంటే వేయదు. ఎవరి కథైనా సరే, ఆమె కోడలే. అవతల సూపర్‌వైజర్ ఉన్నా, డాక్టర్ ఉన్నా వాళ్లను అత్తా అని పిలిచి జవాబు చెప్పేది. మిగతావాళ్లకు వంతు రానిచ్చేది కాదు. ఆమెతో నేను పడ్డ పాట్లు చెబితే మీరు ఈ పనిలో చేరరు.

సంస్థ వాళ్లు ఈ సంగతిని విజయగాథ అని అచ్చు వేశారు. అత్తలో మార్పు వచ్చిందని రాశారు. రోజూ కోడలి డబ్బాలో నలుగురికి సరిపడా రొట్టెలు ఎక్కువ పెట్టి పంపుతోందని కూడా రాశారు. ఆ మాట మాత్రం నిజమే, నర్సమ్మే నాతో చెప్పింది.

నేను రిటైరయ్యే ముందు ఒక మధ్యాహ్నం ఇస్నాపూర్ చౌరస్తాలో కవిత కనిపించింది. కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది, భుజాన బరువైన సంచి. మీ అత్త ఈ ఆదివారం కూడా ఎవరినీ నోరెత్తనివ్వలేదు అంటే నవ్వింది. నీతో తినే నలుగురికీ ఆమె రొట్టెలు నచ్చుతున్నాయా అని అడిగాను.

“నలుగురెక్కడున్నరు మేడం,” అంది. “లైన్ ఆగొద్దని ఒక్కొక్కలనే ఇడుస్తరు తినేతందుకు. నేను గూడ ఒక్కదాన్నే గోడదిక్కు కూసొని జల్దీ జల్దీ తిని పోత. మిగిలినయి గేటుకాడ సెక్యూరిటీ అన్నకిస్త.”

మీ అత్తకు చెప్పలేదా అన్నాను.

“ఎట్ల చెప్పాలె? ఆమె ఆ ఒక్క మాట మీదనే పొమ్మన్నది. మీరు గూడ చెప్పకుండ్రి.”

చెప్పనన్నాను. అక్కడితో ఊరుకోవలసింది. కానీ ఇన్నేళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు. మరి అది కాకపోతే నువ్వు డ్యూటీకి ఎందుకు పోతున్నావు, డబ్బుల కోసమా, ఇంట్లో ఉండలేకా, అసలు కారణమేమిటి అని అడిగాను.

కవిత నావైపు చూసిన చూపులో గౌరవం ఉంది గానీ, ఓపిక అయిపోయింది.

“మా ఆయన గూడ పోతడు గద మేడం డ్యూటీకి. ఎందుకు పోతున్నవని ఆయనను ఎవలన్న అడిగిన్రా? నాకు పోబుద్ధయితది, పోత,” అని బస్సెక్కింది.